వరంగల్‌లో ఆగని టైం మిషన్

ఏప్రిల్ వచ్చిందంటే మా ఇంట్లో ఎండుమిర్చి తొడిమలు తీసే పని మొదలవుతుంది. 2025 ఏప్రిల్‌లో కూడా అలాగే వరండాలో చాప పరుచుకుని, ముక్కుకు కొంగు కట్టుకుని కూర్చున్నాను. మా చిన్నోడు ఫోన్ చూసుకుంటూ వచ్చి, "అమ్మా, నీ ఆదిత్య 369 మళ్ల రిలీజ్ చేస్తున్నరట. నాలుగో తారీఖు" అన్నాడు.

"నీ" ఆదిత్య 369 అన్నాడు చూడండి. ఆ సినిమా ఎవరిదైనా కావొచ్చు గానీ మా ఇంట్లో మాత్రం నాది. ఎందుకంటే ఆ సినిమా పేరు వస్తే చాలు, నేను ఒక కథ చెప్తాను. పిల్లలకు అది కంఠతా వచ్చేసింది. "మా బాపు మా అన్నను వరంగల్ తీస్కపోయి సినిమా చూపించిండు, నన్ను తీస్కపోలేదు" అని.

ఆ కథ సంగతే ఇవాళ చెప్పాలి మీకు.

మా పుట్టింటి ఊరు నర్సంపేట దగ్గర, పాకాల చెరువు వైపు. గూడూరు నా మెట్టినూరు. 1991లో నాకు తొమ్మిదేళ్లు, అన్నకు పదమూడు. ఆ ఏడు జూలై 18న ఆదిత్య 369 విడుదలయింది. సింగీతం శ్రీనివాసరావు గారి సినిమా. మా ఊరి గోడల మీద పోస్టరు అంటించారు. బాలకృష్ణ ఒక బొమ్మలో ప్యాంటు చొక్కాతో, ఒక బొమ్మలో కిరీటంతో. ఒకే మనిషి ఇప్పుడూ అప్పుడూ ఎట్లా ఉంటాడని బడిలో అందరం కొట్లాడుకున్నాం. కాలంలో వెనక్కి పోయే మిషన్ అట, ఎక్కి మీట నొక్కితే రాయలవారి దగ్గర దిగుతారట. బాపును పట్టుకుని పీడించాం. "సరే, ఇద్దరిని తీస్కపోత, వరంగల్‌ల చూద్దాం" అన్నాడు. అమ్మ బియ్యం డబ్బాలో టికెట్ల పైసలు వేరే మూట కట్టి పెట్టింది.

సరిగ్గా అప్పుడే బాయి మోటరు కాలిపోయింది. నారుమడి ఎండుతోంది. వాన జాడ లేదు. బాపు మోటరును గోనెసంచిలో కట్టి, వైండింగ్‌కు వరంగల్ బయలుదేరాడు. బరువు పట్టడానికి అన్నను రమ్మన్నాడు. నేను కూడా గౌను వేసుకుని, జడలు వేయించుకుని తయారయ్యాను. బాపు నన్ను చూసి, "నువ్వొద్దు బిడ్డా, బస్సుల రష్ ఉంటది, ఇంకోపారి పోదాం" అన్నాడు. వాళ్లు పోయాక గాదె వెనక కూర్చుని ఎంత ఏడ్చానో నాకే తెలుసు.

రాత్రి ఎనిమిదింటికి వచ్చారు. మోటరు అక్కడే ఇచ్చి వచ్చారు. అన్న మొహం వెలిగిపోతోంది. "చూసినం" అన్నాడు. బాపు ఏమీ అనకుండా కాళ్లు కడుక్కుని అన్నం తిన్నాడు.

తర్వాత నాలుగు రాత్రులు అన్న ఆ సినిమా నాకు చెప్పాడు. ఆరుబయట మంచాల మీద పడుకుని, కొంచెం కొంచెంగా. అందులో అన్నిటికంటే నాకు నచ్చింది ఒక్కటే. రాయలవారి దగ్గర నుంచి తిరిగి వస్తుంటే దారిలో టైం మిషన్ ఆగిపోతుంది. ఎక్కడ? మన పాకాల కట్ట మీద! అప్పుడింకా చెరువు కడుతున్నారు. గణపతిదేవ మహారాజు గుర్రం మీద ఉన్నాడు. ఆడవాళ్లు తట్టలతో మట్టి మోస్తున్నారు. అందులో ఒకామె "అచ్చం మన అమ్మలెక్కనే ఉంది" అన్నాడు అన్న. మిషన్ ఎందుకు ఆగిందంటే, లోపల కాయిల్ కాలింది. కాలిన వాసన వస్తుంది. సైంటిస్టు కట్ట మీద కూర్చుని రాగితీగ చుట్టి, చుట్టి, మళ్లీ బాగు చేస్తాడు. అక్కడి నుంచి ఓరుగల్లు కోట తోరణం మీదుగా ఎగిరి హైదరాబాద్ పోతారు.

నేను నమ్మాను. నమ్మడం కాదు, గర్వపడ్డాను. బడిలో అందరికీ చెప్పాను. మన చెరువు సినిమాలో ఉందని ఊరంతా చెప్పుకున్నారు.

తర్వాత టీవీలో ఆ సినిమా వచ్చింది. పాకాల లేదు. "టీవీల కోసి ఏస్తరు, అడ్వటైజ్‌మెంట్లు పెట్టాలె గద" అన్నాడు అన్న. అదీ నమ్మాను. పెళ్లయ్యాక మా ఆయనతో పందెం కూడా కాశాను, హాల్లో వేసిన ప్రింటులో ఆ ముక్క ఉందని. ఆ పందెం ఏళ్ల తరబడి తేలకుండా ఉండిపోయింది.

ఇక నా కోపం సంగతి. పదో తరగతి అయ్యాక అన్నను హాస్టల్లో వేసి చదివించారు. నన్ను ఇంటర్‌తో ఆపి పెళ్లి చేశారు. బి.ఏ. తెలుగు నేను గూడూరు వచ్చాక, ఇద్దరు పిల్లల తర్వాత, పొయ్యి మీద పాలు పొంగుతుంటే పుస్తకం పట్టుకుని చదివి పాసయ్యాను. నా మనసులో ఈ లెక్కంతా ఆ సినిమాతోనే మొదలు. మొదట కొడుకుకు సినిమా, తర్వాత కొడుకుకు హాస్టల్. అన్న ఇల్లు కట్టుకున్నప్పుడు, గృహప్రవేశంలో, చుట్టాలందరి ముందు నవ్వుతూనే అన్నాను, "నాకు సినిమా కూడా చూపియ్యలే మా బాపు" అని. అందరూ నవ్వారు. బాపు కూడా నవ్వి, కండువాతో మొహం తుడుచుకుని, "అవును బిడ్డా" అన్నాడు. ఆరేళ్ల కింద పోయాడు బాపు.

సరే, మా చిన్నోడి దగ్గరికి వస్తాను. వాడు ఇంజినీరింగ్. "అమ్మా, అది ఇంగ్లిష్ సినిమా కాపీ అమ్మా. బ్యాక్ టు ది ఫ్యూచర్ అని 1985లనే వచ్చింది" అన్నాడు. నా సినిమాను అంత మాట అంటాడా! ఎల్లిపాయలు ఒలుచుకుంటూ, పప్పు ఉడికే లోపల, సింగీతం గారి పాత ఇంటర్వ్యూలూ వ్యాసాలూ వెతికి చూడడం, చదవడం మొదలుపెట్టాను. వారం రోజుల్లో నాకు తెలిసిన సంగతులు చెప్తాను. మీ ఇంట్లో కూడా ఎవరైనా ఇట్లా వాదిస్తే పనికొస్తాయి.

కాపీ అనే మాట మొదలు. సింగీతం గారు చెప్పింది ఏమిటంటే, ఆయన కాలేజీ రోజుల్లో హెచ్.జి. వెల్స్ రాసిన 'ది టైం మెషీన్' నవల చదివారు. అది 1895 నాటి పుస్తకం. అప్పటి నుంచి మనసులో ఉన్న ఆలోచన అది. నవల కథ నేను తెలుసుకున్నాను. అందులో మనిషి 8,02,701వ సంవత్సరానికి పోతాడు. అక్కడ ఒక జాతి నేల మీద, ఒక జాతి నేల కింద బతుకుతుంటుంది. మన సినిమాలో 2504కు పోతే మనుషులు రేడియేషన్‌కు భయపడి నేల కిందనే బతుకుతుంటారు కదా. పోలిక వెతకాలంటే ఆ పుస్తకంలో వెతకాలి. అయితే వెల్స్ ముందుకే పంపాడు గానీ వెనక్కి, ఒక రాజు కొలువుకు పంపలేదు. రాయలవారి కొలువు మాత్రం మనదే. చిన్నోడికి ఇదే చెప్పాను. "సరేలే" అన్నాడు. ఆ వయసు పిల్లలు సరేలే అన్నారంటే ఒప్పుకున్నట్టే.

ఇంకో మాట, ఇది మన దేశంలో మొదటి సైన్స్ ఫిక్షన్ సినిమా అంటారు. అది నిజం కాదు. 1963లోనే తమిళంలో 'కలై అరసి' వచ్చింది. ఎంజీఆర్ సినిమా. వేరే గ్రహం వాళ్లు మన భానుమతి గారిని ఎత్తుకుపోతారు. ఎందుకో తెలుసా? వాళ్లకు సంగీతం నేర్పడానికి! భానుమతి గారిని ఎత్తుకుపోయి ఆమెతో వేగడం ఆ గ్రహం వాళ్లకు ఎంత కష్టమయిందో అని నవ్వుకున్నాను. కాలంలో ప్రయాణం చేయించడంలో మాత్రం మన సినిమాదే ముందడుగు అని అందరూ చెప్పుకుంటారు.

మూడోది నాకు చాలా నచ్చిన సంగతి. ఈ సినిమాకు ముగ్గురు కెమెరామెన్. పి.సి. శ్రీరామ్, వి.ఎస్.ఆర్. స్వామి, కబీర్ లాల్. ఇప్పటి కాలానికి ఒకరు, రాయల కాలానికి ఒకరు, రాబోయే కాలానికి ఒకరు. మూడు కాలాలు మూడు రకాలుగా కనపడాలని డైరెక్టరు ముందే వేసుకున్న ప్లాను అనుకుంటాం. నేనూ అట్లాగే అనుకున్నాను. అసలు సంగతి వేరే. మొదలుపెట్టిన శ్రీరామ్ గారికి మధ్యలో ఆరోగ్యం బాగాలేకుండా పోయింది. షూటింగ్ ఆపలేరు కదా. రాయలవారి భాగం స్వామి గారు, భవిష్యత్తు భాగం కబీర్ లాల్ గారు తీశారు. ఇంట్లో కందిపప్పు సరిపోక పెసరపప్పు కలిపి వండితే, "వదినా, ఇదేం రుచి, ఎట్లా చేసినవ్" అని అడుగుతారు చూడండి, అట్లాగన్నమాట.

సినిమా పుట్టడం కూడా అట్లాంటిదే. సింగీతం గారు, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గారు ఒకసారి విమానంలో కలిసి పోతుంటే మాటల్లో ఈ ఆలోచన చెప్పారట. బాలు గారికి నచ్చి, నిర్మాత శివలెంక కృష్ణప్రసాద్ గారికి చెప్పారు. సినిమా సమర్పకులుగా బాలు గారి పేరే ఉంటుంది. ఆ విమానంలో పక్కపక్క సీట్లు రాకపోతే ఏమయ్యేదో! మాటలు జంధ్యాల గారివి, సంగీతం ఇళయరాజా గారిది. రాయల కొలువులో వచ్చే పాటలో బాలు గారితో జిక్కి గారి గొంతు వినపడుతుంది. మా అమ్మ కాలం గొంతు అది. పాత కాలానికి పాత గొంతు.

బి.ఏ. తెలుగు చదివినదాన్ని కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. సినిమాలో హీరో 1526కు పోతే అక్కడ తెనాలి రామకృష్ణుడుంటాడు. చంద్రమోహన్ గారు వేశారు. 1956లో వచ్చిన 'తెనాలి రామకృష్ణ'లోనూ అంతే. అందులో రాయలు ఎన్టీఆర్, రామకృష్ణుడు అక్కినేని. తండ్రి వేసిన వేషం ముప్పై అయిదేళ్ల తర్వాత కొడుకు వేశాడు. కానీ 'పాండురంగ మాహాత్మ్యం' రాసిన రామకృష్ణ కవి రాయలవారి తర్వాతి కాలం వాడని సాహిత్య చరిత్ర రాసిన చాలామంది పండితులు అంటారు. రాయలు 1509 నుంచి 1529 దాకా ఏలాడు. రామకృష్ణుడి కావ్యం ఆ కొలువులో అంకితమయింది కాదు, విరూరి వేదాద్రికి. నవ్వించే కథల్లోని రామలింగడు, కావ్యం రాసిన కవి జనం నోట్లో ఒక్కరైపోయారు. సాహిత్యం పాఠంలో ఇది చదివినప్పుడు నాకు కొంచెం బాధేసింది. భువనవిజయంలో రామకృష్ణుడు లేకపోతే ఎట్లా? మనకు కావాల్సిన మనిషిని మనకు కావాల్సిన చోట కూర్చోబెట్టుకుంటాం. జనం చేసిన పని సినిమా కూడా చేసింది.

ఇవన్నీ తెలుసుకుని, ఒక ఆదివారం చిన్నోడిని తీసుకుని హనుమకొండ పోయాను. మా ఆయన "పందెం గుర్తుంది గద" అని బస్సెక్కించాడు. గూడూరు నుంచి నర్సంపేట మీదుగా పోతుంటే పుట్టింటి వైపు పోయే రోడ్డు కనపడింది. నలభై మూడేళ్ల వయసులో నేను మొదటిసారి ఆ సినిమాను హాల్లో చూడబోతున్నాను.

కొత్తగా శుభ్రం చేసిన ప్రింటు, తళతళలాడుతోంది. బాలకృష్ణ తెర మీదికి రాగానే పిల్లలు కాగితాలు ఎగరేశారు. వజ్రం దొంగతనం చూసిన చిన్న పిల్లాడు తర్వాత హీరో అయిన తరుణ్ అని చెప్తే మా వాడు నమ్మలేదు. మిషన్ గిరగిర తిరిగి రాయల కాలంలో దిగింది. కంప్యూటర్ బొమ్మలు ఇంత లేని రోజుల్లో ఎట్లా తీశారో! సింగీతం గారు 1957 నాటి 'మాయాబజార్'కు కె.వి. రెడ్డి గారి దగ్గర అసిస్టెంటుగా పనిచేసినాయన. ఆ బడిలో చదివాడు కాబట్టే లేనిది ఉన్నట్టు చూపించడం వచ్చిందేమో. తొంభై దాటాక కూడా 'కల్కి 2898 ఏడీ' తీసిన నాగ్ అశ్విన్‌కు పెద్దదిక్కుగా నిలిచాడంటే, ఆయనకు కాలం లెక్కే లేదు.

రాయల కొలువు అయిపోయింది. మిషన్ మళ్లీ కదిలింది. నేను కుర్చీలో ముందుకు జరిగి కూర్చున్నాను.

నేరుగా 2504 వచ్చింది. పాకాల లేదు, గణపతిదేవుడు లేడు. తట్ట మోస్తున్న మా అమ్మ లాంటి ఆమె లేదు. చివరి దాకా చూశాను, ఎక్కడైనా వస్తుందేమోనని. లైట్లు వేశారు. "అమ్మా, పందెం పోయింది" అన్నాడు చిన్నోడు.

తిరిగి వచ్చేటప్పుడు నర్సంపేటలో దిగి అన్న ఇంటికి పోయాను. వదిన చాయ్ పెట్టింది. కప్పు చేతిలో పట్టుకుని అడిగాను.

"అన్నా, నిజం చెప్పు. 1991ల నువ్వు ఆ సినిమ చూసినవా?"

అన్న చాయ్ కప్పు కింద పెట్టాడు. "ఇన్నేండ్లకు దొరికిన" అని నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి చెప్పాడు.

వైండింగ్ షాపులో మోటరు విప్పి చూసి, బాపు అనుకున్నదానికంటే చాలా ఎక్కువ అడిగారట. లోపల బేరింగులు కూడా పోయాయి. నారుమడి ఎండుతోంది, వేరే దారి లేదు. అమ్మ మూట కట్టిన టికెట్ల పైసలు కూడా అందులోనే పోయాయి. బస్సు చార్జీలు మిగిలాయి, అంతే. బస్సుకు ఇంకా టైముందని ఇద్దరూ సినిమా హాలు దాకా నడిచారు. గేటు దగ్గర అద్దాల పెట్టెలో పెట్టిన ఫోటో కార్డులు అన్నీ బాపు వాడికి చూపించాడు. లోపల పాట వస్తుంటే గోడకు ఆనుకుని విన్నారు. బస్సులో బాపు అన్నాడట, "ఇంటికాడ చూసినమని చెప్పు కొడుకా. పైసలన్ని మోటరుకే అయినయని తెలిస్తే మీ అమ్మ నిద్రపోదు" అని.

"మరి నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అమ్మకు చెప్పవా? అందుకే. నువ్వేమో రోజూ అడుగవడితివి, తర్వాతేమైంది, తర్వాతేమైంది అని. ఫోటోలు అయిపోయినయ్. నేనేం చేస్త? షాపుల చూసిన మోటరును మిషన్ల పెట్టిన. మన చెరువును పెట్టిన."

కాయిల్ కాలిన వాసన. కట్ట మీద కూర్చుని రాగితీగ చుట్టే సైంటిస్టు. అది ఆ షాపులోని మేస్త్రీ! ముప్పై నాలుగేళ్లు ఆ సీను నా కళ్ల ముందే ఉంది, నేనే చూడలేదు. వదిన పడీ పడీ నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతుంటేనే గృహప్రవేశం నాడు కండువాతో మొహం తుడుచుకున్న బాపు గుర్తొచ్చాడు. "అవును బిడ్డా" అన్నాడే గానీ, "నేనెక్కడ చూపించిన, వాడు కూడా చూడలే" అని ఒక్క మాట అనలేదు. అప్పటికి అమ్మ కూడా ఉంది కదా పక్కన. అందుకే అనలేదేమో.

ఇది రాస్తున్నానని మీరు బాపు తప్పేమీ లేదు అనుకోవద్దు. హాస్టల్ సంగతి నిజం. అన్నను చదివించారు, నన్ను ఆపారు. అది నాకు ఇప్పటికీ నొప్పే, ఒక సినిమా కథ మారితే అది మారదు. కానీ నేను రెండిటినీ ఒకే దారానికి గుచ్చి, బాపు మెడలో వేసి, ముప్పై ఏళ్లు నలుగురిలో చూపించాను. అందులో ఒక పూస నాది కాదు. అది తీసేయాలి. తీసేశానని చెప్పడానికి ఆయన లేడు.

ఆ రాత్రి గూడూరు వచ్చి మా ఆయనకు పందెం ఓడిపోయానని ఒప్పుకున్నాను. పందెం ఏంటో ఇద్దరికీ గుర్తులేదు. చివరికి పూరీలు చేయమన్నాడు, చేశాను.

మొన్న ఊరికి పోయినప్పుడు అమ్మతో చెప్పేశాను, మోటరు పైసల సంగతి. ఇక దాచేదేముందని. అమ్మ పండ్లు లేని నోటితో నవ్వి, "నాకు ఆ నాడే తెలుసు. మూట మోటరుకేనాయె అని మీ బాపు మొహం చూస్తెనే ఎరికాయె. నేను ఎరిక లేనట్టే ఉన్న" అన్నది.

ఇంతకీ ఆ ఇంట్లో ఏమీ తెలియనిది నేనొక్కదాన్నే. మీ ఇంట్లో కూడా ఇట్లాంటి సినిమా ఒకటి ఉండే ఉంటుంది. చెప్పగలిగినవాళ్లు ఉన్నప్పుడే ఒకసారి అడిగి చూడండి.